తెరకు మాట నేర్పిన అర్దెషిర్ ఇరానీ, ఆ మాటను మింగిన వెండి

ఉర్దూ మాట్లాడే ఇంట్లోనూ, తెలుగు మాట్లాడే ఇంట్లోనూ సినిమా పాట వినని వాళ్ళు అరుదు. ఈ రెండు భాషలకూ తెర మీద మొదటిసారి గొంతు ఇచ్చింది ఒకే మనిషి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు ఖాన్ బహదూర్ అర్దెషిర్ ఇరానీ. 1931 మార్చి 14న విడుదలైన మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' ఆయన తీసిందే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా ఆయన కంపెనీదే.

ఈ రోజు ఆ రెండు సినిమాల్లో ఏ ఒక్కటీ చూద్దామన్నా దొరకదు. ఒక్క రీలు కూడా మిగల్లేదు. 'ఆలం ఆరా' ఎలా పోయిందో తెలుసుకోవాలంటే ఇరానీ జీవితంతో పాటు ఇంకో వస్తువు కథ కూడా తెలియాలి. ఆ వస్తువు వెండి.

గ్రామఫోను కొట్టు నుంచి సినిమా హాలు దాకా

అర్దెషిర్ మార్వాన్ ఇరానీ 1886 డిసెంబర్ 5న పూణెలో పుట్టారు. ఇరాన్ నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్ కుటుంబం. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నారు. కొన్నాళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పారు, కొన్నాళ్ళు కిరోసిన్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగారు. ఏ ఉద్యోగంలోనూ మనసు నిలవలేదు. చివరికి తండ్రి నడిపే వాద్యాలు, గ్రామఫోనుల వ్యాపారంలోకి వచ్చారు. శబ్దాన్ని యంత్రంలో బంధించి మళ్ళీ వినిపించడం అన్నది ఆయనకు అలా చిన్న వయసులోనే పరిచయం అయ్యింది.

1903లో ఆయనకు లాటరీలో 14,000 రూపాయలు తగిలాయి. ఆ జమానాలో అది ఒక కుటుంబం తరతరాలు కూర్చుని తినగల సొమ్ము. ఇరానీ మాత్రం కూర్చోలేదు. సినిమాల పంపిణీలోకి దిగి, అమెరికాలోని యూనివర్సల్ కంపెనీకి ఇక్కడ ప్రతినిధి అయ్యారు.

ఆ రోజుల్లోనే ఆయనకు అబ్దుల్‌అలీ యూసుఫ్‌అలీతో దోస్తీ కుదిరింది. సూరత్‌కు చెందిన యూసుఫ్‌అలీ అప్పటికే డేరా సినిమాలో పండిపోయిన మనిషి. వెయ్యి మంది పట్టే డేరా, ఒక ప్రొజెక్టర్, కొన్ని రీళ్ళు వెంటబెట్టుకుని సింగపూర్, సుమత్రా, జావా, బర్మా, సిలోన్ తిరిగి వచ్చారు. తర్వాత మన దేశంలోనూ ఊరూరా డేరా వేశారు. 1914లో ఇద్దరూ కలిసి బొంబాయిలో అలెగ్జాండ్రా థియేటర్ తీసుకున్నారు. 1918లో మెజెస్టిక్ థియేటర్ కట్టారు. ఒక పార్సీ, ఒక ముస్లిం కలిసి మొదలుపెట్టిన ఆ భాగస్వామ్యం నలభై ఏళ్ళకు పైగా నడిచింది. ఊళ్ళో ఎన్ని గొడవలు జరిగినా, వ్యాపారంలో ఎన్ని ఎత్తుపల్లాలు వచ్చినా అది తెగలేదు.

సినిమాలు చూపించడం అయ్యాక తీయడం వచ్చింది. స్టార్ ఫిల్మ్, మెజెస్టిక్, రాయల్ ఆర్ట్ అంటూ రెండు మూడు కంపెనీలు పెట్టి, వదిలి, చివరికి 1926లో ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీ స్థాపించారు. మూకీల కాలంలో అది బొంబాయిలో పేరున్న సంస్థ. గుజరాత్ పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మెహబూబ్ ఖాన్ అనే కుర్రాడు 1927లో ఇంపీరియల్ వారి 'అలీబాబా' సినిమాలో నలభై మంది దొంగల్లో ఒకడిగా నటించాడు. ముప్పై ఏళ్ళ తర్వాత 'మదర్ ఇండియా' తీసిన మెహబూబ్ ఖాన్ ఆయనే.

రైళ్ళు ఆగాక మాటలు

1930లో ఇరానీ బొంబాయి ఎక్సెల్సియర్ థియేటర్‌లో 'షో బోట్' అనే అమెరికా సినిమా చూశారు. అందులో కొంత భాగానికే మాటలున్నాయి. అయినా ఆయనకు అది చాలు. మన భాషలో, మన పాటలతో టాకీ తీయాలని నిర్ణయించుకున్నారు. కలకత్తాలో మదన్ థియేటర్స్ వాళ్ళు కూడా అదే పనిలో ఉన్నారు. అందుకని గుట్టుగా, తొందరగా పని సాగించారు.

కథ జోసెఫ్ డేవిడ్ రాసిన పార్సీ రంగస్థల నాటకం. ఒక రాజు, ఇద్దరు రాణులు, ఒక ఫకీరు జోస్యం, కుట్రకు బలై దేశదిమ్మరుల మధ్య పెరిగిన అమ్మాయి, ఆమెను ప్రేమించిన రాజకుమారుడు. అందరికీ తెలిసిన దాస్తాన్ లాంటి కథ. భాష హిందూ, ముస్లిం అన్న తేడా లేకుండా బజారులో అందరికీ అర్థమయ్యే ఉర్దూ కలిసిన హిందుస్తానీ. కథానాయిక జుబేదా. ఆమె తల్లి ఫాత్మా బేగం మన దేశంలో సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళ. కథానాయకుడు మాస్టర్ విఠల్. ఆయన వేరే స్టూడియోతో ఒప్పందంలో ఉండగా ఇటు వచ్చారని కేసు పడింది. కోర్టులో విఠల్ తరఫున వాదించిన న్యాయవాది మహమ్మద్ అలీ జిన్నా. సేనాధిపతి వేషం యువకుడైన పృథ్వీరాజ్ కపూర్‌ది. ఫకీరు వేషం వజీర్ మహమ్మద్ ఖాన్‌ది. భారతీయ సినిమాలో వినిపించిన తొలి పాట ఆ ఫకీరు అల్లా పేరు మీద దానం అడుగుతూ పాడినదే.

స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలంతా కూతలు, చప్పుళ్ళు. అందుకని రైళ్ళు తగ్గాక, అర్ధరాత్రి దాటాక షూటింగ్ మొదలుపెట్టేవారు. తెల్లవారుజామున మళ్ళీ రైళ్ళు మొదలయ్యే లోపు ముగించేవారు. మైకులను నటుల చుట్టుపక్కల కనిపించకుండా దాచేవారు. శబ్దయంత్రం బిగించడానికి అమెరికా నుంచి విల్ఫర్డ్ డెమింగ్ అనే ఇంజినీరు వచ్చారు. ఆయన రోజు కూలి 100 రూపాయలు. అంత ఖర్చు భరించలేక ఇరానీ, ఆయన సహచరుడు రుస్తుం భరూచా ఆ పని తామే నేర్చుకుని శబ్దం తామే పట్టారు. ఆ యంత్రంలో బొమ్మ, శబ్దం ఒకే ఫిల్ము మీద ఒకేసారి పడతాయి. ఒక్కరు తడబడినా, ఒక్క తుమ్ము వినపడినా సీను మొత్తం మళ్ళీ తీయాల్సిందే.

మెజెస్టిక్‌లో సినిమా విడుదలైన రోజు జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావాల్సి వచ్చింది. నాలుగణాల టికెట్టు నాలుగైదు రూపాయలకు బ్లాకులో పోయింది. వారాల తరబడి హాలు నిండింది.

బొంబాయి నుంచి తెలుగు, తమిళం, ఫార్సీ

ఇరానీ అక్కడితో ఆగలేదు. సెట్టు ఉంది, యంత్రం ఉంది, పని తెలిసిన మనుషులున్నారు. దేశంలో భాషలకు కొదవ లేదు. కంపెనీలో పనిచేస్తున్న హెచ్.ఎం. రెడ్డికి దక్షిణాది సినిమాల బాధ్యత అప్పగించారు. 1931 అక్టోబర్ 31న 'కాళిదాస్' మద్రాసులో విడుదలైంది. అందులో తమిళంతో పాటు తెలుగు మాటలు, పాటలు కూడా ఉన్నాయి. తర్వాత పూర్తిగా తెలుగులో 'భక్త ప్రహ్లాద'. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన నాటకం ఆధారంగా, సురభి నాటక కళాకారులతో బొంబాయిలోనే తీశారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య నటించారు. ఏలూరు దగ్గర పల్లె నుంచి బొంబాయి చేరి, స్టూడియోల్లో చిన్నాచితకా పనులు చేసుకుంటున్న ఎల్.వి. ప్రసాద్ 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింట్లోనూ చిన్న వేషాలు వేశారు. మూడు భాషల తొలి టాకీల్లో కనిపించిన మనిషి ఆయన.

హెచ్.ఎం. రెడ్డి తర్వాత మద్రాసు వచ్చి 1938లో 'గృహలక్ష్మి' తీశారు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పాడుతూ పేరు తెచ్చుకున్న ఒక నటుడిని ఆ సినిమాతోనే తెర మీదికి తెచ్చారు. ఆయనే చిత్తూరు వి. నాగయ్య. అలా చూస్తే బొంబాయిలో ఇరానీ వెలిగించిన దీపం వెలుగు కొన్నేళ్ళకే మన చిత్తూరు దాకా వచ్చినట్టు.

1933లో ఇరానీ ఇంకో పని చేశారు. అబ్దుల్ హుసేన్ సెపంతా అనే ఇరాన్ రచయితతో కలిసి బొంబాయిలోనే ఫార్సీలో 'దుఖ్తర్-ఎ-లోర్' తీశారు. ప్రపంచంలో అదే తొలి ఫార్సీ టాకీ. పూర్వీకుల దేశానికి ఆయన పంపిన కానుక అది. టెహ్రాన్‌లో జనం విరగబడి చూశారు. 1937లో విదేశాల మీద ఆధారపడకుండా ఇక్కడే రంగులు అద్దిన తొలి చిత్రం 'కిసాన్ కన్యా' తీశారు. దాని రచనలో సాదత్ హసన్ మంటో చెయ్యి ఉంది.

ఫిల్ములో వెండి ఎక్కడిది?

ఇరానీ సినిమాలు ఏమైపోయాయో అర్థం కావాలంటే పాత ఫిల్ము ఎలా తయారయ్యేదో కాస్త తెలియాలి.

పారదర్శకమైన పట్టీ మీద జెలటిన్ పూత పూస్తారు. ఆ పూతలో కంటికి కనిపించనంత చిన్న వెండి లవణం రేణువులుంటాయి. కెమెరాలో వెలుతురు తగిలిన రేణువుల్లో మార్పు వస్తుంది. డెవలపర్‌లో ముంచితే అవి నల్లటి వెండిగా మారతాయి. వెలుతురు తగలని రేణువులు అలాగే ఉండిపోతాయి. వాటిని తీసేయకపోతే బయటి వెలుతురు తగిలి బొమ్మంతా నల్లబడుతుంది. అందుకే రెండో తొట్టిలో హైపో ఉంటుంది. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని 1819లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ గమనించారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఫొటోగ్రఫీ పుట్టినప్పుడు ఆ సంగతే బొమ్మను నిలబెట్టింది.

దీన్నిబట్టి నలుపు తెలుపు ఫిల్ములో వెండి రెండు దారులు పడుతుంది. కొంత బొమ్మలో నిలిచిపోతుంది. తెర మీద మనం చూసే ప్రతి నీడా, ప్రతి కనుబొమ్మా, ప్రతి కురులూ నిజానికి వెండి పొడే. మిగిలింది హైపో తొట్టిలోకి కరిగిపోతుంది. టాకీల్లో ఇంకో విశేషం ఉంది. శబ్దం కూడా ఫిల్ము అంచున సన్నటి చారగా నలుపు తెలుపుల్లోనే ముద్రించేవారు. జుబేదా ముఖం వెండే, ఫకీరు పాట కూడా వెండే.

హైపో తొట్టిలోని వెండిని వెనక్కి తీసుకోవడం పాత విద్యే. పెద్ద ఫిల్ము లేబరేటరీల్లోనూ, ఆస్పత్రుల ఎక్స్-రే గదుల్లోనూ, పెద్ద స్టూడియోల్లోనూ వాడేసిన హైపోను పారబోయకుండా దాచేవారు. లీటరు హైపోలో కొన్ని గ్రాముల వెండి ఉండొచ్చు. దాన్ని తీయడానికి మూడు పద్ధతులు. కరెంటు పంపితే లోహపు పలక మీద వెండి పొరలు పొరలుగా పేరుకుంటుంది. స్టీలు పీచు గుండా పోనిస్తే ఇనుము కరిగి దాని చోట వెండి దిగుతుంది. సల్ఫైడు కలిపితే నల్లటి మడ్డి అడుక్కు చేరుతుంది, దాన్ని కరిగించి శుద్ధి చేస్తారు. మూడో పద్ధతిలో ఏమాత్రం ఆసిడ్ తగిలినా కుళ్ళిన గుడ్ల వాసన వేసే విషవాయువు లేస్తుంది. అది ప్రాణాలు తీయగలదు. కాబట్టి ఇంటి పెరట్లో చేసే పని కాదు.

తిరుమల కొండకు వచ్చే యాత్రికులు కింద తిరుపతిలో ఫొటో దిగి వెళ్ళే రోజుల్లో, గుండు చేయించుకున్న పిల్లల బొమ్మలు కడిగే ప్రతి డార్క్‌రూములోనూ హైపో తొట్టి ఉండేది. ఆ తొట్టిలో దిగిన వెండి ఎవరి బొమ్మనూ చెరపదు. ఎందుకంటే అది బొమ్మకు అక్కర్లేదని బయటికి వచ్చేసిన వెండి. పారబోస్తే కాలవలో కలిసి చేపలకూ, నేలకూ చేటు. తీసుకుంటే సొమ్ము. అందరికీ మేలు జరిగే వ్యవహారం అది. రంగుల ఫిల్ములో అయితే కడిగాక బొమ్మలో వెండి అస్సలు మిగలదు. రంగులు మాత్రమే ఉంటాయి. వెండంతా రసాయనాల్లోకే పోతుంది.

కానీ నలుపు తెలుపు ఫిల్ము సంగతి వేరు. అందులో నిలిచిన వెండి కావాలంటే బొమ్మను చంపాలి. ఇంకో దారి లేదు.

బొమ్మ విలువ, తూకం విలువ

1930లలో సినిమాకు జీవితకాలం చాలా తక్కువ. పట్నంలో ఆడి, జిల్లా కేంద్రాల్లో ఆడి, చివరికి టూరింగ్ టాకీసుల్లో ఆడి, రీళ్ళు గీతలు పడి చిరిగిపోయి డబ్బాల్లోకి చేరేవి. టీవీ లేదు. క్యాసెట్ లేదు. పాత సినిమా మళ్ళీ ఎవరు చూస్తారు? పైగా అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసింది. తుపాకీ మందుకు దగ్గరి చుట్టం. ఒక్క నిప్పురవ్వ చాలు, నీళ్ళల్లో ముంచినా ఆరకుండా మండుతుంది. ఎండాకాలం గోదాములో దాచాలంటే గుండె దడే. మంట అంటకపోయినా మన వేడికీ, తేమకూ బంకగా, పొడిగా మారిపోతుంది. దాచడానికి అద్దె, భయం. అమ్మితే డబ్బు.

దాంతో పాత రీళ్ళు తూకానికి పోయేవి. కొన్నవాళ్ళు పూత కరిగించి వెండి తీసేవారు. మిగిలిన పట్టీ గాజులకూ, ఆడవాళ్ళ చేతిసంచులకూ పనికొచ్చేది. మన దేశంలో వెయ్యికి పైగా మూకీ సినిమాలు తీశారు. నేడు మిగిలినవి చాలా కొద్ది, అందులోనూ చాలావాటికి పూర్తి రీళ్ళు లేవు. మంటలు, తేమ, నిర్లక్ష్యం, వెండి, ఈ నాలుగూ కలిసి మింగాయి. వెండి తీయడం దొంగతనం కాదు, చట్టవిరుద్ధం కాదు. అప్పులున్న నిర్మాత తన సొంత సరుకు తాను అమ్ముకున్నాడు, అంతే. విలువ తెలియనప్పుడు ఎంత పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇరానీ ఇంపీరియల్ కంపెనీ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. టాకీలు ఖర్చుతో కూడిన పని. కొత్త స్టూడియోలు పుట్టాయి, పోటీ పెరిగింది. 1938లో ఇంపీరియల్ మూతపడింది. 1945లో 'పుజారి' తీశాక ఇరానీ సినిమాలు తీయడం మానేశారు. అప్పటికి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఖాన్ బహదూర్ బిరుదు ఇచ్చింది. 1956లో భారతీయ టాకీకి పాతికేళ్ళు నిండిన సందర్భంగా రజతోత్సవం జరిపి ఆయనను సన్మానించారు. రజతం అంటే వెండి. వెండి పండుగ జరిపిన సినిమా మాత్రం ఆ రోజుకు ఎక్కడుందో వేదిక మీద ఉన్నవాళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు.

ఆలస్యంగా వచ్చిన మనిషి

1964 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పూణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ స్థాపించింది. పాత సినిమాలు వెతికి భద్రపరచడం దాని పని. కేరళకు చెందిన పి.కె. నాయర్ ఆ పనిని తన జీవితం చేసుకున్నారు. గోదాములు, పాత థియేటర్లు, నిర్మాతల ఇళ్ళు తిరిగి వేల రీళ్ళు సేకరించారు. ఫాల్కే సినిమాల ముక్కలు దొరికింది ఆయన తపన వల్లే.

'ఆలం ఆరా' కోసం నాయర్ బొంబాయి వెళ్ళి వృద్ధుడైన ఇరానీని కలిశారు. కొన్ని రీళ్ళు ఎక్కడో ఉండాలని ఆ పెద్దాయన అనుకున్నారు. కానీ తర్వాత ఇరానీ కొడుకు అసలు సంగతి చెప్పారు. వెండి తీయించి ఆ రీళ్ళు ఎప్పుడో వదిలించుకున్నామని. ఈ సంగతి నాయర్ తర్వాత చాలాసార్లు చెప్పారు. తండ్రి అర్ధరాత్రుళ్ళు మేలుకుని, రైళ్ళు ఆగేదాకా కాచుకుని పట్టిన గొంతులు కొన్ని తులాల లోహంగా మారి ఏ కంసాలి కొట్టుకో చేరాయి. ఇరానీ 1969 అక్టోబర్ 14న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 82.

2003 జనవరిలో పూణెలో నైట్రేటు ఫిల్ములు దాచిన గోదాము తగలబడినప్పుడు 'ఆలం ఆరా' కూడా కాలిపోయిందని పత్రికల్లో వార్తలు వచ్చాయి. అది నిజం కాదు. ఆ సినిమా ఆర్కైవ్‌లోకి ఎప్పుడూ రాలేదని నాయర్ స్పష్టం చేశారు. నిప్పు తినడానికి అక్కడ ఏమీ లేదు. నేడు 'ఆలం ఆరా' అంటే కొన్ని స్టిల్ ఫొటోలు, పోస్టర్లు, పాటల పుస్తకంలోని మాటలు. మన 'భక్త ప్రహ్లాద'దీ అదే గతి. కాగితాలు మిగిలాయి, సినిమా మిగల్లేదు.

ఒక్క ఊరట ఉంది. ఇరానీ ఫార్సీలో తీసిన 'దుఖ్తర్-ఎ-లోర్' మిగిలింది. నేటికీ చూడొచ్చు. ఆయన ఉర్దూలో, తెలుగులో ఇచ్చింది మనం పోగొట్టుకున్నాం, ఫార్సీలో ఇచ్చింది ఇరాన్ వాళ్ళు నిలబెట్టుకున్నారు. ఎవరి గొప్ప, ఎవరి తప్పు అని కాదు. ఎవరో ఒకరు ఒక కాపీని తూకానికి వేయకుండా పక్కన పెట్టారు. అంత చిన్న పనితో ఒక భాష తొలి టాకీ బతికింది.

మన ఇళ్ళలో

ఇది సినిమా వాళ్ళ గోల అని వదిలేయడానికి లేదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, చిత్తూరు, తిరుపతి ఊళ్ళలో మన కుటుంబాల ట్రంకుపెట్టెల అడుగున పాత నెగటివ్‌లు ఉంటాయి. నానమ్మ నిఖా రోజు ఫొటో, హజ్ ప్రయాణానికి ముందు తాతయ్య దిగిన ఫొటో, పాత మదరసా పిల్లల వరస. నలుపు తెలుపు నెగటివ్ అయితే అందులో ఉన్నది వెండే. దానికి తూకంలో వచ్చేది చిల్లర. ఒకసారి కరిగితే ఆ ముఖం మళ్ళీ రాదు.

పాత ఎక్స్-రే ఫిల్ములు కొనేవాళ్ళు వీధుల్లోకి వస్తూనే ఉంటారు. వైద్యానికి అక్కర్లేని ఎక్స్-రే అమ్ముకోవడంలో తప్పు లేదు, అందులోని వెండి తిరిగి వాడుకలోకి వస్తుంది. కానీ ఆ కట్టలో కుటుంబం నెగటివ్‌లు కలిసిపోకుండా చూసుకోవాలి. వెండి కోసం ఇంట్లో ఫిల్ము కాల్చడం, ఆసిడ్‌లో వేయడం ఎవరూ చేయకూడదు. పొగ విషం, పాత నైట్రేటు ఫిల్ము అయితే మంట ఆపడం ఎవరి తరమూ కాదు. నెగటివ్‌లను చల్లని, తేమ లేని చోట కాగితపు కవరులో ఉంచాలి. ఊళ్ళో స్కానర్ ఉన్న స్టూడియో ఉంటే ఒక కాపీ తీయించుకుని, పేరు, ఏడాది రాసి, పిల్లల ఫోన్లలో కూడా పెట్టాలి. అసలు నెగటివ్ మాత్రం పారేయకూడదు.

అమానత్ అంటే మన దగ్గర ఒకరు నమ్మి ఉంచిన సొత్తు. అది బంగారమే కానక్కర్లేదు. పోయిన వాళ్ళ ముఖం, వాళ్ళ గొంతు కూడా అమానతే. అర్దెషిర్ ఇరానీ నాలుగు భాషల జనానికి నమ్మి ఇచ్చి వెళ్ళింది అలాంటి సొత్తు. హైపో తొట్టిలో ఉన్న వెండిని తీసుకోవడం తెలివి. బొమ్మలో ఉన్న వెండిని తీసుకోవడం ఖయానత్. ఆ రెంటికీ తేడా తెలిసి ఉంటే, తొలి ఉర్దూ పాట పాడిన ఫకీరు గొంతు మన మనవలు కూడా విని ఉండేవారు.